మిగతా ముప్పావు లీటరు

ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి గౌతమి దాటితే యానాం. అక్కణ్నుంచి బస్సులో కాకినాడ. 1992 నుంచి 1996 దాకా, ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లు నేను తిరిగిన దారి అదే. ఇప్పుడక్కడ వారధి ఉంది, 2002లో వచ్చింది. కారులో వెళ్తే గోదావరి దాటినట్టే తెలియదు. అప్పట్లో మాత్రం ఆదివారం మధ్యాహ్నం భోంచేసి బయల్దేరితే చీకటిపడ్డాక హాస్టల్‌కి చేరేవాణ్ని. చేతిసంచిలో అమ్మ పెట్టిన సున్నుండలు, ఆవకాయ సీసా. భుజాన బొమ్మలు గీసుకునే మినీ డ్రాఫ్టర్. చంకలో డ్రాయింగ్ షీట్లు చుట్టి పెట్టుకునే ప్లాస్టిక్ గొట్టం. పంటులో ఆ గొట్టం చూసి "అందులో ఏవుంది బాబూ?" అని ఎవరో ఒకరు అడగని వారం లేదు. మూత తీసి, షీటు విప్పి చూపించేవాణ్ని. ఒకసారి ఒక పెద్దాయన స్క్రూ జాక్ బొమ్మని చాలాసేపు చూసి, "లారీ ఎత్తేది కదా ఇది, లోపల ఇలా ఉంటాదా!" అన్నాడు. ఆ షీటుకి నాకు ఎన్ని మార్కులొచ్చాయో గుర్తులేదు, ఆయన మాట మాత్రం గుర్తుంది.

మా ఊరు ముమ్మిడివరం దగ్గర. కొంచెం కొబ్బరితోట, కొంచెం వరిచేను. కాటన్ దొర కట్టించిన ఆనకట్ట నీళ్లతో బతికే ఊళ్లు కదా, మా వాళ్లకి ఇంజనీరంటే లాకుల దగ్గర బంగళాలో ఉండే కాలవల ఇంజనీరే. నాకు మెకానికల్‌లో సీటొచ్చిందని తెలిసి మా పెదనాన్న "సివిల్ దొరకలేదా నాన్నా?" అని నిజంగానే బాధపడ్డాడు. నాన్న ఏమీ అనలేదు. సాయంత్రం తోటలోకి తీసుకెళ్లి, తాటాకు షెడ్డులో ఉన్న ఆయిల్ ఇంజను మీద చెయ్యి వేసి, "అయితే దీని సంగతి చదువుతావన్నమాట" అన్నాడు.

అప్పటికి నాకు బాగా తెలిసిన యంత్రం అదొక్కటే. ఐదు హార్స్‌పవర్ డీజిల్ ఇంజను, ఒకటే సిలిండరు. ఫిల్టరు పాయింటు అనే తక్కువ లోతు బోరు మీద పంపు, ఆ పంపుకి ఈ ఇంజను. పంపులో బకెట్టుడు నీళ్లు పోసి, ఇంజను లివరు ఎత్తిపట్టి, హ్యాండిలు తగిలించి నాలుగైదు చుట్లు గట్టిగా తిప్పాలి. చక్రం ఊపందుకోగానే లివరు వదిలేస్తే టక్, టక్ మని రెండుసార్లు ఆలోచించుకుని, ఆ తర్వాత ఆగకుండా అందుకునేది. ఇంజను కాగిపోకుండా పంపు నీళ్లలోంచే ఒక సన్నటి పైపు దాని ఒంట్లోకి వెళ్లి, రెండో పక్కనుంచి వేడినీళ్లై బయట పడేది. పుష్యమాసపు చలిలో తెల్లవారుజామున ఆ పైపు కింద కూర్చుని స్నానం చేసేవాళ్లం. నీళ్లలో సన్నగా ఇనుము వాసన వచ్చేది. కట్టెపొయ్యి మీద కాచిన నీళ్లకంటే నాకు ఆ నీళ్లే ఇష్టం.

మా కాలేజీ 1946లో విశాఖపట్నంలో మొదలై, తర్వాత కాకినాడకి వచ్చి స్థిరపడింది. 1972లో జేఎన్‌టీయూలో భాగమైంది. నాకు ఆ కాలేజీ అంటే క్లాసురూములకంటే ముందు వర్క్‌షాపే గుర్తొస్తుంది. లోపలికి అడుగు పెడితే గ్రీజు, తడి ఇసక, లేతుల మీద పోసే తెల్లటి కూలెంటు, కాలిన ఇనుము అన్నీ కలిసిన వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే పద్దెనిమిదేళ్ల వయసు తిరిగొస్తుంది.

మొదటి ఏడాది ఫిట్టింగ్. 50 మిల్లీమీటర్ల చదరం, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనప ముక్కలు రెండు ఇచ్చేవారు. ఒకదాంట్లో గాడి, రెండోదానికి నాలుక చెయ్యాలి. నాలుక గాడిలోకి దిగాలి, ఎటూ కదలకూడదు. మా మేస్త్రీగారు అప్పటికి రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు. రికార్డులో 'ఫైల్' అని రాసుకునే పనిముట్టుని ఆయన ఆకురాయి అనేవారు. మా ఊళ్లో కమ్మరి అనే మాట అది. ఇంగ్లీషు పుస్తకాల మధ్య బిక్కుబిక్కుమంటున్న నాకు ఆ ఒక్క మాటతో ఆ షెడ్డు సొంత చోటైపోయింది.

"ఆకురాయి ముందుకెళ్లేటప్పుడే కోస్తాది బాబూ. వెనక్కి లాగేటప్పుడు నొక్కకండి, దాని పళ్లు పోతాయి. ఒళ్లు బరువు వెయ్యకండి, ఊపు వెయ్యండి" అనేవారు. ఆకురాయికి సుద్దముక్క రాయించేవారు, పళ్ల మధ్య ఇనప రజను ఇరుక్కోకుండా. అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో వారానికి నా ముక్కలు రెండూ ఒకదాంట్లో ఒకటి దిగాయి. సంబరంగా తీసుకెళ్లి చూపించాను. ఆయన వాటిని కిటికీ వైపు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి, నా కళ్ల ముందు పెట్టారు. నాలుకకీ గాడికీ మధ్య వెంట్రుకంత సందు. అందులోంచి ఎండ సన్నటి గీతలా మెరిసింది. "వెలుగొస్తోంది బాబూ" అన్నారు. అంతే. ఒక్క మాట కూడా తిట్టలేదు. మళ్లీ వైస్ దగ్గరికెళ్లాను. ఇనుముని చేత్తో అంత నునుపు చెయ్యొచ్చని, కంటితో అంత సన్నటి తేడా పట్టుకోవచ్చని ఆ రోజుదాకా నాకు తెలియదు.

తేడాల సంగతి వచ్చింది కాబట్టి కొలతలు నేర్పే మెట్రాలజీ ల్యాబు గురించి ఒక మాట. మైక్రోమీటరు చేతికిచ్చిన మొదటిరోజు మేమంతా కనపడిందల్లా కొలిచాం. తలవెంట్రుక, రికార్డు కాగితం, అయిదు పైసల బిళ్ల. గడ్డం గీసుకునే బ్లేడు సరిగ్గా 0.1 మిల్లీమీటరు వచ్చింది. ఎందుకో ఆ అంకె మనసులో ఉండిపోయింది.

రెండో ఏడాది లేత్ మీద పని. ఒక మధ్యాహ్నం ఇనప ముక్కని పట్టి తిప్పే చక్‌లో బిగించి, బిగించిన చక్ కీ చక్‌లోనే వదిలేసి, స్విచ్ మీదికి చెయ్యి పోనిచ్చాను. ఎక్కణ్నుంచి చూశారో, మేస్త్రీగారు నా మణికట్టు పట్టుకున్నారు. నొప్పెట్టేంత గట్టిగా. చక్ తిరిగి ఉంటే ఆ కీ బుల్లెట్‌లా ఎగిరి వచ్చేది, నాకైనా తగిలేది, పక్కవాడికైనా తగిలేది. ఆయన కీ తీసి నా చేతిలో పెట్టి, "ఇది చక్‌లో ఉండాలి, లేదా మీ చేతిలో ఉండాలి. మీ చెయ్యి దీన్ని వదిలిందంటే అది చక్‌లో లేదని అర్థం" అన్నారు. గొంతు వణికింది, ఆయనది. ఆ రాత్రి హాస్టల్లో నాకు నిద్ర పట్టలేదు. తర్వాత పాతికేళ్లు ఫ్యాక్టరీల్లో పనిచేశాను, చాలామంది కుర్రాళ్లకి ఈ మాట ఆయన మాటల్లోనే చెప్పాను.

క్లాసుల్లో విన్నది మా తోట షెడ్డులో కనపడటం మొదలైంది కూడా ఆ ఏడాదే. మెషిన్ డ్రాయింగులో స్టఫింగ్ బాక్స్ గీస్తున్నాను. తిరిగే కడ్డీ చుట్టూ నూనె తాపిన తాడు చుట్టి, మీద గ్లాండు అనే బిళ్లతో అదిమి, నీళ్లు బయటికి రాకుండా ఆపే ఏర్పాటు. సెక్షన్ కోసి, 45 డిగ్రీల్లో గీతలు కొడుతూ కొడుతూ పెన్సిల్ ఆపాను. ఇది మా పంపులో ఉన్నదే. దాంట్లోంచి చుక్కలు కారుతున్నాయని నాన్న ఎప్పుడూ ఆ రెండు నట్లూ బిగించేస్తూ ఉండేవాడు. మర్నాడు సార్ని అడిగాను. పంపు గ్లాండు చుక్క చుక్కగా కారాలని, ఆ తడే కడ్డీని కాపాడుతుందని, మరీ బిగిస్తే తాడు మాడి కడ్డీ అరిగిపోతుందని చెప్పారు. ఆ వారం ఇంటికెళ్లి నట్లు కొంచెం వదులు చేశాను. నాన్న పక్కన గొంతుక్కూచుని చుక్కలు లెక్కపెట్టాడు. "కారనివ్వాలన్నమాట" అని రెండుసార్లు అన్నాడు. ఆ తర్వాత పక్క తోటలవాళ్లకి కూడా ఆయనే చెప్పేవాడు, మావాడు చెప్పాడని.

అలాగే, మెట్టలో మా మేనమామగారి ఊళ్లో వేసవి వస్తే గొయ్యి తవ్వి ఇంజనునీ పంపునీ కిందికి దించేవారు. ఎందుకు దించాలో చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. హైడ్రాలిక్ మెషిన్స్ క్లాసులో తెలిసింది. పంపు నీళ్లని లాగదు, పంపులో ఖాళీ ఏర్పడితే బయటి గాలి బరువే నీళ్లని పైకి తోస్తుంది. ఆ గాలి ఎంత తోసినా లెక్కప్రకారం 10.3 మీటర్లు, నిజంలో ఆరేడు మీటర్లు. నీళ్లు అంతకంటే కిందికి పోతే పంపే కిందికి దిగాలి. ఈ సంగతి ఏ పుస్తకమూ చదవని మా మావయ్యకి గొయ్యి లోతుగా తెలుసు.

అన్నీ ఇలాగే సులువుగా తలకెక్కాయని కాదు. వేడికీ పనికీ ఉన్న సంబంధం చెప్పే థర్మోడైనమిక్స్ మొదటిసారి పోయింది. సూత్రాలన్నీ వచ్చు, స్టీమ్ టేబుల్స్ చూసి లెక్కా చెయ్యగలను. కానీ వేడినంతా పనిగా ఎందుకు మార్చలేమో, ఎంత గొప్ప ఇంజనుకైనా కొంత వేడిని బయటికి వదలక ఎందుకు తప్పదో లోపలికి దిగలేదు. ఎంట్రోపీ అన్న మాట వినపడితే టెన్షన్. ఇంట్లో చెప్పడానికి రెండు వారాలు పట్టింది. నాన్న పొలం గట్టు మీద నిలబడి విని, "మళ్లీ రాద్దువుగానిలే" అన్నాడు. మా గదిలో ఉండే శ్రీకాకుళం కుర్రాడు రాత్రిళ్లు కూర్చోబెట్టి చెప్పేవాడు. రెండోసారి పాసయ్యాను. అయినా అర్థం కాలేదనే దిగులు అలాగే ఉంది.

అది తీరింది మూడో ఏడాది ఇంజన్ల ల్యాబులో. తలుపు తీసుకుని లోపలికెళ్తే మా తోటలో ఇంజనే అక్కడ సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉంది. కిర్లోస్కర్, 5 హార్స్‌పవర్, నిమిషానికి 1500 చుట్లు, సిలిండరు వ్యాసం 80 మిల్లీమీటర్లు, స్ట్రోకు 110. ఆకుపచ్చ రంగు కూడా అదే. కాకపోతే ఇక్కడ దాని ఒంటినిండా కొలతలు. చక్రం పక్కన డ్రమ్ముకి తాడు చుట్టి, ఒక కొసకి బరువులు, రెండో కొసకి స్ప్రింగు త్రాసు. డీజిలు వచ్చే దారిలో గాజుగొట్టం. చల్లదనం నీళ్లు వెళ్లేచోట ఒక థర్మామీటరు, వచ్చేచోట ఒకటి, పొగగొట్టంలో ఒకటి. హ్యాండిలు ఎవరు తిప్పుతారని సార్ అడిగితే నేను ముందుకెళ్లాను. లివరు వదిలిన క్షణం తోటలో లాగే టక్, టక్ మని అందుకుంది. ఇంటికి అంత దూరంలో ఆ చప్పుడు వినేసరికి గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది.

ఫుల్ లోడులో గాజుగొట్టంలో 10 సీసీ డీజిలు తాగడానికి ఇంజనుకి 26 సెకన్లు పట్టింది. తాడు కాలుతున్న వాసన. ఒకడు స్టాప్‌వాచీ, ఒకడు టాకోమీటరు, ఒకడు థర్మామీటర్లు, నేను రాసుకోవడం. ఆ రాత్రి లెక్క వేశాను. డీజిలులో ఉన్న వేడిని నూరు పాళ్లు అనుకుంటే, డ్రమ్ము దగ్గర పనిగా మారింది 27. చల్లదనం నీళ్లతో పోయింది 31. పొగతో పోయింది 26. ఇంజను ఒంట్లోంచి చుట్టుపక్కల గాలికీ, అటూ ఇటూ పోయి లెక్కకి అందనిది 16. దీన్ని హీట్ బ్యాలెన్స్ షీటు అంటారు. నా రికార్డులో నేను ఇష్టంగా రాసిన పేజీ అదొక్కటే. చలికాలం తెల్లవారుజామున ఇన్నేళ్లూ నా నెత్తిన పడింది ఆ 31 పాళ్లే. వదలక తప్పని వేడి అంటే ఏమిటో అప్పుడు నా ఒంటికి అర్థమైంది.

వారం తిరిగి ఇంటికెళ్లి నాన్నకి చెప్పాను. ముందు ఆయన్నే అడిగాను, మన ఇంజను గంటకి ఎంత డీజిలు తాగుతుందని.

"లీటరున్నరకి కాస్త తక్కువ" అన్నాడు, తడుముకోకుండా.

"నీకెలా తెలుసు?"

షెడ్డు చూరులోంచి ఒక కొబ్బరి ఈనె తీసి చూపించాడు. ట్యాంకులో ముంచి, తడి ఎంతవరకు ఉందో గోటితో గంటు పెట్టుకుంటాడట. గంటుకీ గంటుకీ ఎంతో ఆయనకి తెలుసు. కాకినాడలో నా లెక్క 1.4 లీటర్లు. స్టాప్‌వాచీ, గాజుగొట్టం లేకుండా నాన్న ఎప్పుడో కొలిచేశాడు.

"అందులో పావు వంతే నీళ్లు తోడటానికి పనికొస్తోంది నాన్నా" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. డీజిలు క్యాన్లు సైకిలుకి కట్టి తెచ్చుకునే మనిషి. లీటరు లీటరుకీ లెక్క ఉన్న ఇల్లు. "మిగతా ముప్పావు ఎక్కడికి పోతోందిరా?" అన్నాడు చివరికి.

చేత్తో చూపించాను. పొగగొట్టం ఎర్రగా కాగి ఉంది, అక్కడికి కొంత. ఈ పైపులోంచి కొంత. ఇంజను ఒంటి మీంచి ఈ గాలిలోకి కొంత. ఆయన పైపు కింద చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూశాడు. "ఇది ఆపడానికి కుదరదా? అంత చదువుకున్నోళ్లు ఉన్నారు కదా?" అన్నాడు. పూర్తిగా ఆపడం ఎవరి తరమూ కాదని చెప్పాను. ఎందుకు కాదో నాకు వచ్చినంతలో తెలుగులో చెప్పాను. పుస్తకంలో ఉన్న ఒక్క ఇంగ్లీషు మాట లేకుండా థర్మోడైనమిక్స్ రెండో సూత్రాన్ని చెప్పింది అప్పుడే. పరీక్షలో రాసిన జవాబుకంటే అదే బాగా వచ్చిందని ఇప్పటికీ నమ్ముతాను.

పూర్తిగా ఆపలేకపోయినా, పోయేదాన్ని ఇంకోసారి వాడుకోవచ్చని తర్వాత కళ్లారా చూశాను. ఇండస్ట్రియల్ టూర్లో ధవళేశ్వరం బ్యారేజీ దాటించి, అవతలి ఒడ్డున విజ్జేశ్వరంలో ఉన్న గ్యాస్ కరెంటు కేంద్రానికి తీసుకెళ్లారు. అక్కడ గ్యాస్ టర్బైన్‌లోంచి వచ్చే వేడి పొగని ఊరికే గాలిలోకి వదలరు. దాంతో నీళ్లు కాచి, ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితో ఇంకో టర్బైన్ తిప్పుతారు. అందరూ కంట్రోల్ రూములో మీటర్లు చూస్తుంటే నేను ఆ పెద్ద బాయిలరు కింద తలెత్తుకుని నిలబడిపోయాను. నాన్నని తీసుకొచ్చి చూపించాలనిపించింది. ఆ పని చెయ్యలేకపోయాను, అది ఇప్పటికీ లోటే.

1996 వేసవిలో చదువైపోయింది. ఉద్యోగం ఇంకా రాలేదు, ఇంటి దగ్గరే ఉన్నాను. దీపావళి నాలుగు రోజులుందనగా, నవంబరు 6 రాత్రి, తుపాను మా కోనసీమ మీద పడింది. ఆ రాత్రి గురించి రాయడానికి నాకు ఇప్పటికీ చేతులాడవు. తెల్లారేసరికి తోటలో నిలబడ్డ చెట్లకంటే పడిపోయినవే ఎక్కువ. కొన్నిటి మొవ్వులు విరిగి మొండేలు మిగిలాయి. కరెంటు స్తంభాలు నేలమట్టం. చెరువు నిండా ఆకులు, కొమ్మలు, చచ్చిన పశువులు. ఊళ్లో తాగడానికి చుక్క నీళ్లు లేవు. తాటాకు షెడ్డు ఎగిరిపోయింది. ఇంజను మాత్రం దిమ్మ మీదే ఉంది, ముంపులో మునిగి.

ముంపు తియ్యగానే నాన్నా నేనూ దాని దగ్గర కూర్చున్నాం. ముమ్మిడివరం నుంచి మెకానిక్ రావడానికి దారి లేదు, రోడ్డు పొడుగునా చెట్లే. ఆయిలు బోల్టు విప్పితే ముందు నీళ్లు, వెనకాల పాలు పోసిన టీ రంగులో ఆయిలు కారింది. ట్యాంకు కడిగాం. ఫిల్టరు కడిగాం. ఇంజెక్టరు విప్పి హ్యాండిలు తిప్పితే ఆ బెజ్జంలోంచి సిలిండర్లో నీళ్లు ఫౌంటెన్‌లా చిమ్మాయి. హెడ్ లేపి చూస్తే సిలిండరు గోడకి పలచగా తుప్పు. కిరసనాయిలు, అమ్మ పాత చీర ముక్క పెట్టి వేళ్లతో తుడిచి తుడిచి మళ్లీ మెరిపించాం. మళ్లీ బిగించాక వాల్వుల దగ్గర సందు సరిచెయ్యాలి, సందు కొలిచే ఫీలర్ గేజ్ లేదు. నాన్న గడ్డం పెట్టెలోంచి రెండు బ్లేడులు తెచ్చి, ఒకదానిమీద ఒకటి పెట్టి ఆ సందులోకి పోనిచ్చాను. 0.2 మిల్లీమీటర్లు. బ్లేడులు పట్టీ పట్టనట్టు జారేదాకా స్క్రూ తిప్పి లాక్ చేశాను. డీజిలు పైపులో గాలి బుడగలు పోయేదాకా నట్టు వదులు చేసి పట్టుకున్నాను. నాన్న హ్యాండిలు తిప్పాడు. రెండుసార్లు అందుకోలేదు. మూడోసారి తెల్లటి పొగ కక్కింది, టక్, టక్ మంది, ఆగిపోలేదు.

పంపులోంచి ముందు బురదనీళ్లు వచ్చాయి. అరగంట తర్వాత తేరుకున్నాయి. చప్పుడు విని జనం బిందెలతో పడిపోయిన చెట్ల మీంచి దాటుకుంటూ రెండువైపులనుంచీ వచ్చారు. నేను డీజిలు ఎంతుందో చూద్దామని ఈనె కోసం వెతికాను, షెడ్డుతో పాటే పోయింది. కింద పడ్డ మట్టలోంచి కొత్తది విరిచి ముంచాను. వెనక్కి తిరిగేసరికి, ఇల్లు పడిపోయిన ఒక ఆవిడ నెలల పిల్లాణ్ని చంకనేసుకుని నాన్న దగ్గర నిలబడి ఉంది. మూడు రోజులుగా పిల్లాడికి స్నానం లేదని చెబుతోంది. నాన్న బకెట్టు తెచ్చి ఆ సన్నటి పైపు కింద పెట్టాడు. పైపు ఊగి నీళ్లు పక్కకి పోతుంటే, బకెట్టు నిండేదాకా దాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.